ఆఖరి లెన్సు

కొత్త లెన్సు ముట్టుకునే ముందు డిస్క్ ప్లేయర్ల మెకానిక్ కిటికీ ఇనప చువ్వని ఓసారి గట్టిగా పట్టుకుంటాడు. ఒంట్లో ఉన్న కాస్త కరెంటూ దిగిపోవాలి, లేకపోతే లెన్సు చస్తుందంటాడు. ముప్ఫై ఏళ్ల అలవాటు. ఇవాళ మూడుసార్లు పట్టుకున్నాడు. సొరుగులో మిగిలిన ఆఖరి లెన్సు అది, ఆ మోడల్‌కి ఇక దొరకదు. మూడుసార్లు విప్పి బిగించినా తెర మీద "నో డిస్క్" అనే వస్తోంది. ప్లేయర్ తెచ్చినావిడ స్టూల్ వేసినా కూర్చోలేదు. "మా అత్తయ్య నన్నే ఎవరమ్మా నువ్వు అంటోంది బాబాయ్. ఈ పెట్టెలోంచి పాట వస్తేనే ముద్ద మింగుతుంది. ఫోన్లో పెడితే విసిరికొట్టింది. తిండి తిని రెండు రోజులైంది."

అతను, లెన్సు తన చేతుల్లోనే చచ్చిందనుకున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. నాలుగోసారి విప్పి భూతద్దం కింద పెడితే, వెనక చిన్న సోల్డర్ చుక్క మెరిసింది. దారిలో పాడవకుండా కంపెనీవాళ్లు వేసే చుక్క. బిగించాక దాన్ని కరిగించి తీసేస్తేగానీ లెన్సు వెలగదు. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ అతను మొదటిరోజే చెప్పే మాట అది. చుక్క తీశాడు. డిస్క్ తిరిగింది, పాట వచ్చింది. ఆవిడ కౌంటర్ మీద తల ఆన్చి ఏడ్చేసింది.

"ఏమైంది బాబాయ్ దీనికి?"

"దీనికేం కాలేదమ్మా." మూత బిగిస్తున్నవాడు ఆగి, గొంతు తగ్గించాడు. "మీ అత్తగారు మొట్టమొదట ఏం మర్చిపోయారు?"