పిండిలో చేతులు

పండుగ సెలవులు దగ్గర పడ్డాయంటే మా పిన్ని ఇంట్లో బియ్యం డబ్బాకు మూడినట్టే. పిన్నికి పసిపిల్లల బడిలో పని. సగం బియ్యానికి ఎరుపు, సగానికి ఆకుపచ్చ రంగు పట్టించి, మంచం మీద పాత దుప్పటి పరిచి ఆరబెడుతుంది. "మరి నేనెక్కడ పడుకోను?" అని బాబాయి అడిగితే, "కుర్చీలున్నాయిగా" అంటుంది.

ఆ బియ్యాన్ని వెడల్పాటి టబ్బులో పోసి చిన్న చిన్న గంటలు దాచిపెడుతుంది. ఇంకో టబ్బులో దూది. మూడో దాంట్లో మెరుపులు కలిపిన జారు పిండి. రెండేళ్ళ పిల్లలు, మూడేళ్ళ పిల్లలు మోచేతుల దాకా ముంచేసి, పండుగను ముందే చేసేసుకుంటారు. అయితే ఎవరి చేతినీ పట్టుకుని ముంచకూడదని పిన్ని పట్టుదల. వాళ్ళంతట వాళ్ళే పెట్టాలి.

ఈ ఏడాది ఆ పట్టుదలకు పరీక్ష పెట్టినవాడు బుడంకాయ. అది పిన్ని పెట్టుకున్న ముద్దుపేరు. వేలికి ఒక్క గింజ అంటుకుంటే చాలు, చెయ్యి దూరంగా చాపి బడి ఎగిరిపోయేలా ఏడుస్తాడు. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు.

"డ్యూటీ మధ్యలో పరుగెత్తుకు రావడం నావల్ల కావడం లేదండీ. సెలవుల్లోపు కుదురుకోకపోతే మాన్పించి, వాళ్ళ అమ్మమ్మ దగ్గరే ఉంచేస్తాను" అని ఆమె చెప్పేసింది.

ఆ రోజు నుంచి పిన్నికి అన్నం సహించలేదు. "ఒక్క వేలైనా పెట్టకుండా వెళ్ళిపోతాడేమోనే" అని నా దగ్గర వాపోయింది. లోకంలో ఇన్ని బాధలుండగా ఒక వేలి గురించి ఇంత బెంగేమిటని నాకు విసుగొచ్చింది.

సెలవుల ముందు రోజు తల్లులనూ ఆటకు పిలిచారు. టబ్బులు మోయడానికి నన్ను తీసుకెళ్ళింది పిన్ని. బుడంకాయ గోడకు అతుక్కుని నిలబడ్డాడు. వాళ్ళమ్మ వాడి చెయ్యి పట్టుకుని పిండి దగ్గరికి లాగబోయింది.

"వాణ్ణి వదిలెయ్యమ్మా. ముందు నువ్వు పెట్టు" అంది పిన్ని.

"నేనా? నాకీ జిగురు పడదండీ. రోజంతా చేతులు కడుక్కుని కడుక్కుని అలవాటైపోయింది."

కాదనలేక కూర్చుని, మొహం చిట్లించుకుంటూ రెండు చేతులూ పెట్టింది.

బుడంకాయ కంగారుగా పరుగెత్తుకొచ్చాడు. జేబులోంచి రుమాలు తీసి, వాళ్ళమ్మ వేళ్ళు ఒక్కొక్కటే తుడవసాగాడు. "అయిపోయింది, అయిపోయింది. ఏడవకు నాన్నా" అంటున్నాడు. రోజూ తనకు వినపడే మాటలే.

ఆమె నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

"ఇది నేనే నేర్పానా అండీ?"

"ప్రేమతోనే నేర్పావులే" అంది పిన్ని.

ఆమె మళ్ళీ చేతులు పెట్టింది. వాడు మళ్ళీ తుడిచాడు. మళ్ళీ పెట్టింది, ఈసారి మొహం చిట్లించకుండా. రుమాలు తడిసి ముద్దయింది. వాడికే విసుగొచ్చి దాన్ని కింద పడేసి, అమ్మ చేతిని బయటికి లాగడానికి తన చేతులు రెండూ పిండిలో పెట్టేశాడు.

ఇక ఏడుపే అనుకున్నాం అందరం. వాడు మాత్రం అడుగున అమ్మ వేళ్ళు వెతుక్కుంటున్నాడు.

మా పిన్ని వాళ్ళమ్మ చెవి దగ్గరికి వంగింది.

"వెంటనే దొరికిపోకమ్మా. ఇంకాసేపు వెతకనీ."