శనివారం కర్ర పట్టని అత్త

మా చిన్నప్పుడు... శనివారం వచ్చిందంటే పొద్దున్నే మా ఊరు రాజపాళయంలో బస్సెక్కి, అత్త చెయ్యి పట్టుకుని సత్రపట్టికి పోయేదాన్ని. బడికి సెలవు కదా! అత్త అంటే మా నాన్నకు అక్క. మామ చిన్న వయసులోనే పోతే మా ఇంటికి వచ్చేసింది. పిల్లల్లేరు. సత్రపట్టిలో ఆసుపత్రుల్లో గాయాలకు కట్టే గుడ్డ నేసే ఒక కంపెనీలో ఆమెకు పని.

పనంటే... కోతుల్ని తోలడం.

నవ్వకండి. చలవ చేసిన గుడ్డను ఆ రోజుల్లో ఎండలోనే, తాళ్ళ మీద బారులు బారులుగా ఆరేసేవాళ్ళు. ఆ మైదానాన్ని కళం అనేవాళ్ళం. పడమటి కొండ నుంచి మామిడి తోపుల మీదుగా కోతులు దిగేవి. ఒక కొస చేతికి దొరికితే చాలు, గుడ్డ మొత్తం చింతచెట్టు ఎక్కేసేది. మట్టి అంటితే మళ్ళీ చలవకు వేయాల్సిందే. అందుకే అత్త చేతిలో ఎప్పుడూ పొడుగాటి వెదురు కర్ర ఉండేది.

ఆ గుంపులో ఒక ఆడకోతి ఉండేది... దానికి గుడ్డ చింపాలని ఉండేది కాదు. ఎంచక్కా తల మీదుగా ముసుగేసుకుని, ప్రహరీ గోడ మీద తలొంచుకుని కూర్చునేది. అత్త దానికి కొత్తకోడలు అని పేరు పెట్టింది. ఒకసారి మా మొదలాళి, అదే కంపెనీ యజమాని, ఎవరో బేరానికి వస్తే తన గుడ్డ ఎంత మెత్తనో, ఎంత శుభ్రమో ఏకరువు పెడుతున్నాడు. ఆయన వెనక గోడ మీద కోడలు ముసుగు సర్దుకుంటోంది... వచ్చినవాళ్ళు నవ్వు ఆపుకోలేక సతమతమయ్యారు. ఆయనకు ఎందుకు నవ్వుతున్నారో చివరిదాకా తెలియలేదు.

శనివారం మాత్రం కథ వేరు. అత్తకు ఆ రోజు ఒక్కపొద్దు. ఆంజనేయుడి వారం, కోతి మీద కర్ర ఎత్తకూడదని ఆమె నియమం. కర్ర లోపల పెట్టేసి, చేటలో వేరుశనక్కాయలు, బెల్లం ముక్కలు వేసి చింతచెట్టు కింద పెట్టేది. అవి బుద్ధిగా తిని పోయేవి. గుడ్డ జోలికే వచ్చేవి కావు. మిగతా రోజుల్లో దొంగలు, శనివారం దేవుళ్ళు! అత్త చేతిలో కర్ర లేదంటే భయం లేదని వాటికీ తెలిసిపోయింది.

ఒక వేసవిలో కోడలు పొట్టకు బిడ్డను కరిపించుకుని వచ్చింది. అత్త సంబరం చూడాలి... బాలింత అంటూ దాని ముందుకు బెల్లం కాస్త ఎక్కువ తోసేది.

ఆ ఏడే గుడ్డ నష్టం ఎక్కువైందని మొదలాళి కోతులు పట్టేవాడిని పిలిపించాడు. పట్టి కొండ మీద వదిలేస్తాడట. అతను పెద్ద ఇనుప బోను తెచ్చి పెట్టాడు. ఎన్ని అరటిపళ్ళు వేసినా ఒక్క కోతీ దాని దగ్గరకు పోలేదు. అప్పుడు మొదలాళి అత్తను పిలిచి, శనివారం నీ చేట బోనులో పెట్టు, లేకపోతే వేరే పని చూసుకో అన్నాడు. అత్త చాలాసేపు ఒప్పుకోలేదు. కానీ పని పోతే తమ్ముడి మీద భారమవుతానని ఆమెకు ఎప్పుడూ ఒకటే దిగులు. కొండ మీద పళ్ళుంటాయిలే, హాయిగా బతుకుతాయిలే అని తనకు తానే చెప్పుకుంది.

ఆ శనివారం అత్త కర్ర లోపల పెట్టి, చేట తీసుకుపోయి బోనులో పెట్టింది. అందరికంటే ముందు కోడలే వచ్చింది. ఒకసారి అత్త చేతుల వంక చూసి లోపలికి నడిచింది. దాని వెనకే గుంపంతా... ధన్‌మని తలుపు పడింది.

బిడ్డ బయటే ఉండిపోయింది. తాడు పట్టుకుని ఆడుకుంటోంది అప్పటిదాకా.

అత్త పరుగెత్తి ఆ కోతులు పట్టేవాడి చెయ్యి పట్టుకుంది. "బిడ్డ బయట ఉండాదయ్యా. కొంచెం తలుపు తియ్యి. దాన్నీ అమ్మతోనే పంపించు." తీస్తే అన్నీ పారిపోతాయని అతను బోను వ్యానులోకి ఎక్కించేశాడు. కోడలు ఊచలు పట్టుకుని అత్తనే చూస్తూ పోయింది.

బిడ్డ చింతచెట్టు చిటారు కొమ్మకెక్కి ఒకటే కీచుమంటూ ఏడ్చింది. అత్త కింద నిలబడి బెల్లం చూపించింది, పిలిచింది, బతిమాలింది. దిగలేదు. పొద్దుగూకేవేళ బస్సులో నా తల మీద చెయ్యి వేసి ఒకే మాట అనింది. "కర్ర చేతిలో ఉండుంటే అది వచ్చుండదు కన్నూ. కర్ర లేదని నమ్మి వచ్చినాది."

సోమవారం అత్త వెళ్ళేసరికి చెట్టు మీద బిడ్డ లేదు. ఏమైందో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత అత్త శనివారం కూడా కర్ర పట్టింది. తోలడానికి ఒక్క కోతీ లేకపోయినా సరే... పట్టుకునే తిరిగేది. ఒక్కపొద్దు మానేసింది.

మొన్నామధ్య అత్తకు చక్కెర జబ్బు ముదిరి, చేతికి పుండైతే ఆసుపత్రిలో చేర్చాం. మాట తడబడేది, మనుషుల్ని పోల్చుకునేది కాదు. ఒక పొద్దున కట్టు అంచును వేళ్ళతో తడిమి చూసి, ఇది మన సత్రపట్టి గుడ్డే అనింది. తర్వాత ఏం వారమని అడిగింది. శనివారం అత్తా అన్నాను.

గాభరాగా లేవబోయింది. "నా కర్ర ఎక్కడ? బిరీన ఇయ్యి కన్నూ. కోడలు దిగేస్తాది."

పక్క మంచం ముసలాయన ఊతకర్ర అడిగి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. కట్టు కట్టిన చేత్తోనే గట్టిగా పట్టుకుంది. అప్పుడు గానీ ఆమె మొహం తేటపడలేదు. అత్త మళ్ళీ ఇంటికి రాలేదు.

ఇప్పుడు అక్కడ గుడ్డను యంత్రాలే ఆరబెడుతున్నాయి. కోతులు బస్టాండులో చిప్సు పొట్లాలకు చెయ్యి చాస్తున్నాయి. జనం నవ్వుతూ ఫోటోలు తీసుకుంటారు... నాకు మాత్రం అవి అంత దగ్గరకు వస్తే భయమేస్తుంది. నాకేమవుతుందోనని కాదు, వాటికేమవుతుందోనని.

మీ ఇంటికో, మీవాళ్ళు పనిచేసిన చోటికో అలా నమ్మి వచ్చిన జీవం ఏదైనా ఉండేదా? ఉంటే ఇక్కడ చెప్పండి... దాని పేరుతో సహా.