అక్క మెషీన్ కదలని రోజు

దయ్యాలు, ఆత్మలు అంటే నవ్వే మనిషిని నేను. అక్క పోయాక పిట్టకు, అదే కాకికి, అన్నం పెట్టిన నాడు కూడా లోపల నవ్వుకున్నాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

కామారెడ్డిలో ఇంటి నుంచే ఒక కంపెనీ సర్వర్లు చూసుకుంటాను. ఎల్లారెడ్డిలో ఉండే మా అక్క ఆ కంపెనీకే తెలుగు టైపింగ్ చేసేది. ఆమె కోసం సర్వర్‌లో ఒక వర్చువల్ మెషీన్, అంటే సర్వర్ లోపలే నడిచే విడి కంప్యూటర్ లాంటిది, నేనే పెట్టిచ్చాను. పాత ల్యాప్‌టాప్ నుంచి అందులోకి వెళ్లి పని చేసుకునేది. బావ గల్ఫ్‌లో ఉంటాడు. జబ్బు ముదిరాక అక్క నన్ను ఒక్కటే అడిగింది, తన కూతురు శ్రావణిని నా దగ్గర ఉంచుకుని చదివించమని. నావి రెండు గదులు, ఇద్దరు పిల్లలు. చూద్దాంలే అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

మూడో రోజు పెట్టిన అన్నాన్ని కాకి ముట్టలేదు. ఏదో కోరిక మిగిలింది, ఎవరైనా మాట ఇవ్వండి అన్నారు పెద్దలు. మా అమ్మ, మేం అవ్వ అంటాం, నా వైపే చూసింది. నేను ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాను. చివరికి ఆ అన్నం ఆవుకు పెట్టారు.

కొన్నాళ్లకు ఆ పాత సర్వర్ తీసేయాల్సి వచ్చింది. అందులోని మెషీన్లను ఆపకుండానే కొత్తదానికి మార్చాలి. మెమరీ పేజీలనే చిన్న ముక్కలుగా కాపీ అవుతుంది. ఈలోగా లోపల పని జరిగి మారిన పేజీలకు గుర్తు పడుతుంది, వాటిని మళ్లీ పంపాలి. మారేవి బాగా తగ్గాక రెప్పపాటు ఆపి అవతల లేపుతాం. ఎవరూ వాడని మెషీన్‌కు రెండు నిమిషాలు చాలు.

అక్కది మధ్యాహ్నం దాకా కదలలేదు. మారిన పేజీల అంకె తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగేది. లోపల ఎవరూ లాగిన్ అయి లేరు. నెట్‌వర్క్ తీసేసినా అంతే. ఆగి ఆగి, అక్క టైపు చేసే తీరులోనే పెరిగేది. బలవంతంగా ఆపేయొచ్చు. చెయ్యి రాలేదు.

అన్నానికి పిలవడానికి వచ్చిన అవ్వకు సంగతి చెప్పాను. కాసేపు తెరను చూసింది.

"పిట్ట గూడ గిట్లనే ముట్టలే. అది అడిగింది ఇయ్యిరా బిడ్డా" అంది.

ఈసారి నవ్వు రాలేదు.

"శ్రావణిని తోలుకొస్త అక్కా. నేనే చదివిస్త" అని పైకే అన్నాను.

అంకె పడిపోయింది. మెషీన్ అటు వెళ్లిపోయింది.

లాగ్‌లన్నీ తిరగేశాను. కారణం ఇప్పటికీ దొరకలేదు. శ్రావణి మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. ఆ మెషీన్‌ను మాత్రం తీసేయలేకపోతున్నాను. అప్పుడప్పుడు తెరిచి అంకె చూస్తాను, ఒక్కసారి పెరిగితే బాగుండని. పెరగదు. ఆ మాటేదో అక్క అడిగిన రోజే అనాల్సింది.