గొర్రె కత్తెరకు వేసిన ముడి

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్లిపోయే రకాన్ని నేను. పెన్‌పహాడ్ దగ్గర గొర్రెల మందతో పాటు శ్మశానం పక్కన పడుకుని పెరిగాను. అక్కడ దోమలు తప్ప నన్నేవీ పీడించలేదు. అందుకే ఇది చెప్పాలంటే నాకే మొహమాటంగా ఉంది.

నాకు చిన్నప్పటి నుంచి ఫిట్స్. తల్లి లేని నన్ను పెద్దమ్మ పెంచింది. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని మావాళ్ల నమ్మకం. మా ఇంట్లో చేతికందే ఇనుము గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర. నాకు తెగకుండా పెద్దమ్మ గొంగడిలోంచి ఒక పోగు లాగి, కత్తెర మొనలు రెండూ కలిపి ముడేసి, అప్పుడు నా పిడికిట్లో పెట్టేది. దానివల్ల ఫిట్స్ ఆగవని తర్వాత తెలిసింది. కానీ కళ్లు తెరవగానే "లేసినవా బిడ్డా, ఇగ ఏం గాదు" అనేది. నాకది చాలు.

తెలంగాణ రాకముందు మాట. పెద్దమ్మ పోయాక మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా చేరాను. కిరాయి గదిలో ఒక్కణ్ణే. ఆమె గొంగడి, కత్తెర మంచం కింద పెట్టెలో ఉండేవి.

ఆ చలికాలం ఫిట్స్ మళ్లీ మొదలైతే ఆసుపత్రిలో గోలీలు పెంచారు. కొన్నాళ్లకు నడక తూలింది. ఒకటి రెండుగా కనపడేది. మాట ముద్దగా వచ్చేది. చేతులు వణికి చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేకపోయేవాణ్ణి. మిల్లులో అందరూ తాగుతున్నాననుకున్నారు. చాయ్ దగ్గర నా పక్కన కూర్చోవడం మానేశారు. సేటు పిలిచి, "ఇట్ల తాగొస్తే ఇగ నీకు పని లేదు" అన్నాడు. తాగలేదని చెప్పబోతే ఆ మాటా ముద్దగానే వచ్చింది.

సూర్యాపేటలో డాక్టరమ్మ చూసి, రక్తంలో మందు ఎక్కువైందేమోనంది. మర్నాడు పొద్దున గోలీలు వేసుకోకుండా పరీక్షకు రమ్మంది.

తెల్లారాక, ఏళ్ల అలవాటు కొద్దీ గోలీలు చేతిలోకి తీసుకున్నాను. నీళ్ల చెంబు అందుకోబోయాను. అంతే గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. గోలీలు దూరంగా పడి ఉన్నాయి. తలుపుకు నేను పెట్టిన లోపలి గడియ అలాగే ఉంది. పెట్టె తెరిచి ఉంది. నా పిడికిట్లో కత్తెర, దాని మొనలకు గొంగడి పోగుతో వేసిన ముడి.

భయం వేయలేదు. ఏడుపొచ్చింది.

గోలీలు ముట్టుకోకుండా బస్సెక్కి సూర్యాపేట పోయి రక్తమిచ్చాను. మందు ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువుంది. ఎక్కువైనా ఫిట్స్ వస్తాయని, పొద్దుటివి కూడా మింగి ఉంటే ప్రాణం మీదికొచ్చేదని డాక్టరమ్మ చెప్పి మోతాదు తగ్గించింది. ఆ రక్తపరీక్ష కాగితం చూసి సేటు నాకు చాయ్ తెప్పించాడు.

ఫిట్స్ తర్వాత మనిషి తెలివి లేకుండానే లేచి ఏదో ఒకటి చేస్తాడట. పెట్టె నేనే తెరిచి ఉండొచ్చు. ఒప్పుకుంటాను. కానీ గుండీ పెట్టుకోలేని చేతులతో అంత బిగువైన ముడి ఎలా వేశాను? ఎన్నిసార్లు ఆలోచించినా తెగలేదు. ఆ ముడి నేను విప్పలేదు.

ఇప్పుడు డాక్టరమ్మ చెప్పినప్పుడల్లా రక్తమిస్తాను. మందు సరిగ్గా ఉంటోంది, ఫిట్స్ రావడం లేదు. సంతోషించాల్సిందే. కానీ ఒక్కోరోజు పొద్దున లేవగానే, నాకు తెలియకుండానే పిడికిలి తెరిచి చూసుకుంటాను.