తీగలు తెగిన స్పీకరు

దయ్యాలంటే నేను భయపడినోణ్ణి కాదు, భయపెట్టినోణ్ణి. మైకులో గొంతు మార్చి మూలిగి ఆళ్లగడ్డలో ఎంతమందిని పరిగెత్తించినానో. బడి తొందరగానే మానేసినా గానీ, తీగ లేంది స్పీకరు మోగదని తెలిసేంత చదువు నాకుంది.

మాది మైక్‌సెట్ల అంగడి. సెల్‌ఫోన్లు కొత్తగా వస్తాన్న కాలంలో నాయనకు గుండె జబ్బు ముదిరి, ఎడమ రొమ్ములో చర్మం కింద చిన్న మిషను పెట్టినారు. గుండె అదుపు తప్పితే అది లోపల్నుంచే షాక్ కొట్టి దారికి తెస్తాది. అయస్కాంతం దగ్గరికొస్తే మాత్రం షాక్ ఇయ్యదంట. డాక్టరు పెట్టి చూపించినాడు. రొమ్ములోంచి సన్నగా 'కీ... కీ...' అని కూత. తీసేస్తే ఆగింది.

"తాళం లేని ఇల్లు మాదిరి ఉందే సార్. ఎవడైనా వచ్చి ఆపేయొచ్చా?" అన్నా. "అందుకే అయస్కాంతం దగ్గరికి రానీయద్దండి" అన్నాడాయన.

నాయనను నంద్యాలలో అక్క ఇంట్లో ఉంచి అంగడికి వచ్చేసినా.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. బల్ల మీద కాలిపోయిన స్పీకరు ఒకటి. దాని తీగలు పొద్దున నేనే కత్తిరించినా. దాంట్లోంచి 'కీ... కీ...'. బల్లి కూతేమో అనుకుని చెవి పెట్టినా. అదే కూత.

టెలిఫోను దగ్గరికి ఉరికినా.

"అక్కా, నాయన యాడ?"

"ఈడే, వసారాలో. నా రేడియో విప్పి కూర్చున్యాడు. నీకేం పనిలేదా?"

"జేబు చూడు, బేగా!"

"బీడీలుంటాయనా? మానేసినాడు గదప్పా."

"చూడక్కా!"

కాసేపటికి అక్క అరుపు: "ఏందీ నాయనా ఇది? అయస్కాంతం!"

మా పనిలో అంతే. పాత స్పీకరు అయస్కాంతంతో జారిన స్క్రూలు ఏరి, దాన్ని ఎడమ జేబులో పడేసుకుంటాం. డాక్టరు మాట నాయన తలకెక్కింది, చేతికి ఎక్కలేదు. కూత ఆయనకు వినపడదు. మైకుల పక్కనే బతికి చెవులు పోయినాయి.

"దూరంగా పారెయ్!" అని నేను అరుస్తాండగానే దబ్బుమని పడిన చప్పుడు. అక్క ఏడుపు. నేను రిసీవరు చెవికి అదుముకున్నా. అప్పుడు నాయన గొంతు: "ఎవడ్రా రొమ్ము మీద తన్నింది?"

మిషను కొట్టింది. ఆ అయస్కాంతం ఇంకాసేపు జేబులోనే ఉండింటే మనిషి దక్కేటోడు కాదన్నాడు డాక్టరు.

స్పీకరు విప్పి చూసినా. లోపల తీగ చుట్టిన కాయిలు మాడి బొగ్గు.

"ఆళ్లగడ్డలో ఉన్నోడివి, నా జేబు నీకెట్ల కనపడిందిరా?" అని నాయన పోయేదాకా అడిగినాడు. అడిగినప్పుడల్లా ఏదో ఒకటి అల్లి నవ్వించేటోణ్ణి. నిజం చెప్పుదామంటే, అది నాకు తెలిసింటే కదా.