నా పన్ను తగ్గలే

ముందుగాల ఒక్క మాట చెప్పి మొదలుపెడ్త. పన్ను అంటే ఏందో నాకు తెల్వక కాదు. ఏడో తరగతి దాంక సదువుకున్న. కొత్తగూడల మా ఇంటి పన్ను, నల్లా పన్ను నేనే లైన్ల నిలవడి కట్టొచ్చి, రసీదు బియ్యం డబ్బల దాస్తుంటి. కని నోట్లె ఒక పన్ను పుచ్చిపోయి రాత్రిపగలు సలుపుతున్న మనిషికి లోకంల ఒక్కటే పన్ను ఉంటది. ఈ సంగతి చెప్తె ఇప్పటికి గూడ నవ్వేటోళ్లున్నరు. నవ్వుకోనియ్యి. కని మొత్తం విని నవ్వుమను.

తొంభైల చివర్ల మాట. కొత్తగూడకెల్లి మాదాపూర్ పోయే తొవ్వల అప్పటికింక అద్దాల మేడలు లెవ్వు. తర్వాత హైటెక్ సిటీ అని పేరువడ్డ జాగల అన్ని బండలే. రోడ్ల కోసం, బిల్డింగుల కోసం ఆ బండలకు మందు పెట్టి పేలుస్తుండ్రి. మాదాపూర్ల ఒక మూడంతస్తుల ఇల్లు కిరాయికి తీసుకొని అండ్ల కంప్యూటర్ల కంపిని పెట్టిండ్రు. నలభై మంది దాంక సార్లు, మేడమ్‌లు. నేను ఊడుస్తుంటి, తుడుస్తుంటి, దినాం మూడుసార్లు చాయ్ పెడ్తుంటి. నన్ను పనికి పెట్టుకున్నది కంపిని కాదు, కాంట్రాక్టరు. కాంట్రాక్టరు తరఫున మా మీద ఒక సూపర్‌వైజర్ ఉండె. మంచికైనా చెడుకైనా ఆయననే అడగాలె, సార్లతోని మాట్లాడొద్దని మొదటి దినమే చెప్పిండు.

కింద కుడిదిక్కు దవడపన్ను. చలికాలం పోతున్నప్పుడు మొదలైంది. లవంగం పెట్టిన, ఉప్పునీళ్లు పుక్కిలించిన, జామాకు నమిలిన. కొన్ని దినాలు ఊకున్నట్టే ఊకొని మళ్ల లేస్తుండె. పగటిపూట ఏడనన్న బండ పేలిందంటే కిటికీ అద్దాలు గలగలమంటుండె, దాంతోపాటు నా దవడ గూడ. చాయ్ కప్పులు కింద పెట్టి గోడ పట్టుకొని నిలవడుతుంటి.

పట్నంల సర్కారు పండ్ల దవాఖాన ఉన్నది. చిట్టీ పొద్దుగాలనే రాస్తరు, ఐతారం రాయరు. నా డ్యూటీ పొద్దుగాల ఏడున్నరకు మొదలు, ఐతారం ఒక్కటే సెలవు. అంటే నాకు కావాల్సింది పైసలు గావు, మందులు గావు. ఒక్క పొద్దుగాల పూట. గా ఒక్క పూట దొరికితె నా పన్ను దక్కుతది. సూపర్‌వైజర్‌ను అడిగిన.

"ఏంది, నీ ఒక్కదానికే ఉన్నయా పండ్లు? కంపినోళ్లు ఒప్పుకోరు," అన్నడు.

"ఒక్క పూట అన్నా. పగటికల్ల వచ్చి మిగిలిన పనంత చేస్త."

"పోతే పో. రేపటికి ఇంకొకామె వస్తది. హఫీజ్‌పేట్‌కెల్లి ఇద్దరు నన్ను దినాం అడుగుతున్నరు."

మా ఆయనకు ఆ నెలల పని సక్కగ లేకుండె. ఇంట్ల పొయ్యి వెలిగేది నా పనితోనే. నోరు మూసుకొని వచ్చిన. నోరు మూస్తె ఇంకింత నొప్పి.

ఇట్ల ఉండంగ ఒక దినం సాయంత్రం మీటింగుల రూముల టీవీ పెట్టిండ్రు. బడ్జెట్ అట. సార్లందరు పని బంద్ చేసి కూసున్నరు. నేను చాయ్‌లు పంచి, కొంగు దవడకు అడ్డం పెట్టుకొని బయట నిలవడ్డ. లోపల ఒక్కసారి చప్పట్లు, ఈలలు. అకౌంట్ల సారు సంతోషం ఆపుకోలేక బయటికొచ్చిండు. ఆయనది కోస్తా దిక్కు, మర్యాదగల్ల మనిషి. ఆఫీసుల అందరు ట్యాక్స్, ట్యాక్స్ అంటరు. ఆయనొక్కడే తెలుగు పేపరు మొదటికెల్లి చివరి దాంక చదివి పన్ను అంటడు. ఎదురుంగ నేనే ఉన్న గదా, నన్ను చూసి అన్నడు.

"పన్ను తగ్గిందమ్మా."

నా దవడ చూసి అడుగుతున్నడనుకున్న. పానం సల్లవడ్డది. ఇన్ని దినాలల్ల ఈ ఆఫీసుల ఒక్కలన్న అడిగిండ్రు గదా అనుకున్న.

"ఏడ తగ్గింది సార్, రాత్రికెల్లి ఇంకింత వాసింది," అన్న.

నేను ఏ పన్ను అనుకున్ననో సమజై ఆయన నవ్విండు. లోపలికి పోయి చెప్పిండు. లోపల నలభై మంది నవ్విండ్రు. నవ్వుకు గూడ అద్దాలు గలగలమంటయని ఆ దినమే తెలిసింది.

తెల్లారి కేకు తెచ్చిండ్రు, పన్ను తగ్గిన సంతోషానికి. నాకు గూడ ఒక ముక్క పేపరు ప్లేట్ల పెట్టి ఇచ్చిండ్రు. ఎడమదిక్కు నములుదమనే చూసిన, కని క్రీము నేను చెప్పినట్టు వింటదా, సక్కగ పోయి పుచ్చుల వడ్డది. నాకు చుక్కలు కనవడ్డయి. వంటర్ర నల్లా కాడ నోరు తెరిచి నీళ్లు పట్టుకుంట నిలవడ్డ. మిగిలిన ముక్క చెత్తడబ్బల ఏసిన, ఆ తర్వాత నలభై ఎంగిలి ప్లేట్లు ఎత్తిన.

ఆ దినంకెల్లి నా పేరే మర్సిపోయిండ్రు. ఎవలు ఎదురైనా "ఏమ్మా, పన్ను తగ్గిందా?" అనుడు, నవ్వుడు. మొదటి రెండుసార్లు నేను గూడ నవ్విన. తర్వాత ఒళ్లు మండింది. నవ్వినోళ్లల్ల ఒక్కలన్న, దవాఖానకు పోయినవా అని అడగలే.

అకౌంట్ల సారుకే జర మనసుల వడ్డట్టుంది. ఒక దినం చాయ్ ఇయ్యబోతే కూసోమన్నడు. నేను కూసోలే, నిలవడే ఉన్న.

"నవ్వామని ఏమీ అనుకోకమ్మా. మేమన్నది జీతం మీద కట్టే పన్ను. పెద్ద జీతాల మీద నూటికి నలభై ఉండేది, ముప్పయికి దించారు," అన్నడు.

"మంచిదే సార్. అందరికి దించిండ్రా?"

ఆయన గొంతు తగ్గించిండు. "పెద్దసారుకి బాగా కలిసొస్తుంది. నాకూ కొంత. కొత్తగా చేరిన కుర్రాళ్లకి చాయ్ ఖర్చులంత."

గమ్మతేందంటే టీవీ ముంగట ఈలలు కొట్టింది ఆ కొత్త పిల్లలే. పెద్దసారు చప్పుడుజేయక కూసొని చాయ్ తాగిండు.

"మరి నాకు సార్?"

"మీకు పన్నే ఉండదు కదమ్మా. మీ ప్రాణానికి హాయి."

హాయి. ఆ మాట నెత్తికెక్కింది నాకు. ఇరవై దినాలకెల్లి సక్కగ తినలే, సక్కగ పండలే. నాదే హాయట. మర్నాడు ఇంటికాడికెల్లి మా ఎర్ర పండ్లపొడి డబ్బ కొంగుల ముడేసుకొని పోయిన. తీసి ఆయన టేబుల్ మీద పెట్టిన.

"ఈ సన్నక్షరాలు జర చదువుండ్రి సార్."

నేను చదవలేక కాదు. ఆయన నోటితోనే వినాలె నాకు. ఆయన కండ్లద్దాలు పైకి జరుపుకొని చదివిండు. "అమ్మకం ధర... అన్ని పన్నులతో కలిపి."

"పన్ను ఎవలు కడ్తరు సార్?"

"తయారుచేసిన కంపెనీ కడుతుందమ్మా."

"కంపిని ఎవలకాడికెల్లి తీసుకుంటది?"

ఆయన నన్ను చూసిండు, డబ్బను చూసిండు. "కొన్నవాళ్ల దగ్గరే."

"మీరు కొన్నా నేను కొన్నా ఒక్కటే పన్నా?"

"ఒకటేనండీ." ఆయన నన్ను అండి అన్నది అదే మొదలు.

"మరి ఇది తగ్గిందా, పేపర్ల చూడుండ్రి."

పాపం చూసిండు. రెండు పేజీలు తిప్పి తిప్పి వెతికిండు. "దీని సంగతి ఎక్కడా కనిపించడం లేదండి," అన్నడు.

"నా జీతం మీద పన్ను లేదు, నిజమే. కని నా పన్ను మీద పన్నున్నది సార్. సబ్బు మీద, అగ్గిపెట్టె మీద, మీ కప్పులు కడిగే పొడి మీద గూడ ఉంటది. దినాం కడుతున్న. నన్నెవరు మీటింగుల రూముల కూసోపెట్టి టీవీ చూపిస్తలేరు."

ఆయన మంచోడే, మళ్ల చెప్తున్న. నచ్చజెప్పబోయిండు. మా చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే ఖర్చుపెడతాం, అది తిరిగి తిరిగి మీదాకా వస్తుందండి అన్నడు.

"మొన్న కేకు దాంక వచ్చింది సార్. అది గూడ పుచ్చు మీదనే వడ్డది," అని డబ్బ తీసుకొని వచ్చిన.

ఇంకో వారం అయింది. దవడ ఉబ్బి కుడికన్ను సగం మూసుకపోయింది. ఆ దినం బయటికెల్లి ఎవరో ముగ్గురు పెద్దమనుషులు వచ్చిండ్రు. ట్రే పట్టుకొని లోపలికి పోంగనే పెద్దసారు నవ్వుకుంట, "ఈమేనండీ నేను చెప్పింది. ఆ పన్ను జోకు నీ నోటితో చెప్పమ్మా," అన్నడు. తలుపు కాడ సూపర్‌వైజర్ నిలవడి గుడ్లురిమి చూస్తుండె. చెప్పు, చెప్పి బయటికి రా అన్నట్టు.

పని పోతదని భయమైంది. అబద్ధమెందుకు. కని ఇగ భరించుడు నాతోని కాలే. కప్పులు ఒక్కొక్కటి పెట్టుకుంట చెప్పిన.

"పన్ను తగ్గిందని సారు చెప్పిండు. నాదింక తగ్గలే అన్న. అందరు నవ్విండ్రు. జోకు గంతే సార్. మిగిలింది గూడ వినుండ్రి. నా పన్ను తగ్గాలంటే ఒక్క పొద్దుగాల పూట కావాలె, దవాఖానకు పోవుడానికి. నెల దగ్గరికొచ్చింది అడగవట్టి. కంపినోళ్లు ఒప్పుకోరంటున్నరు. మీరు ఒప్పుకోరా సార్?"

వచ్చినోళ్లల్ల ఒకాయన కప్పుల చూసుకుంట కూసున్నడు. పెద్దసారు ముఖం మాడిపోయింది.

"నేనెప్పుడు కాదన్నాను? నా దాకా రాలేదే."

"ఇప్పుడొచ్చింది సార్."

"వెళ్లి రామ్మా. రేపే వెళ్లు."

బయటికొచ్చినంక సూపర్‌వైజర్ నన్ను వంటర్రలకు పిలిచిండు. "సార్ల ముందర నా ఇజ్జత్ తీసినవ్. పో. మళ్ల వచ్చేటాలకు నీ జాగ ఉంటదనుకోకు," అన్నడు.

"ఉంటదో ఉండదో వచ్చి చూస్త," అన్న. అన్న గని ఆ రాత్రి ఇంట్ల అన్నం దిగలే. పన్ను నొప్పికో, ఫికరుకో తెల్వదు.

మర్నాడు మొదటి బస్సు పట్టుకొని పోయి చిట్టీ రాయించుకున్న. డాక్టరమ్మ చిన్న పిల్లనే. లైటు పెట్టి చూసింది, సన్న కడ్డితోని తట్టింది. "మూడు నాలుగు వారాల కింద ఎందుకు రాలేదమ్మా? అప్పుడైతే పుచ్చు నింపి పన్ను కాపాడేదాన్ని. ఇప్పుడు వేరు దాకా పాడైంది, తీసెయ్యాల్సిందే," అన్నది.

మూడు నాలుగు వారాల కింద అంటే నేను మొదటిసారి సెలవు అడిగినప్పుడు. సూదికి నేను ఏడ్వలే. ఆ మాటకు ఏడ్చిన. ఒక్క పూటతోని దక్కే పన్ను, గట్టిగున్న పన్ను, చెరుకు కొరికిన పన్ను, ఉట్టిగ పోయింది. డాక్టరమ్మ నొప్పికేమో అనుకొని భుజం తట్టింది. గిన్నెల ఏసిన పన్ను నాకియ్యమన్న. ఎందుకమ్మా అన్నది. నాది గదా అన్న. కాయితంల చుట్టి ఇచ్చింది.

పగటికల్ల ఆఫీసుకొచ్చిన. వంటర్రల కొత్తామె ఉండె, నా గుడ్డతోని నా కప్పులు తుడుస్తుండె. పాలమూరు దిక్కు మనిషట. నన్ను చూసి భయపడ్డది. "నీ తప్పేం లేదు, నువ్వు కడుగు," అని చాయ్ గిన్నె నేను అందుకున్న. సూపర్‌వైజర్ ఉరికొచ్చిండు, ఈ దినం నీది లేదు పో అన్నడు. దినం కట్ చేసుకోమన్న. ట్రే ఎత్తుకొని సార్లు కూసున్న హాల్లకు నడిచిన. సార్ల ముందర ఆయన గొంతు లేవదని నాకెరుకే. దినం కట్ చేసిండు, జాగ మాత్రం తియ్యలేకపోయిండు. కొత్తామెను మూడో దినం ఇంకో బిల్డింగుకు పంపిండు.

ఆ పగలు హాల్ల అందరున్నరు. మొదటి చాయ్ అకౌంట్ల సారుకిచ్చిన. ఆయన నా దవడ చూసిండు, నోట్లె దూది చూసిండు. ఈసారి నవ్వకుంట, నిజంగనే అడిగిండు.

"పన్ను తగ్గిందామ్మా?"

ఆయన టేబుల్ మీద తెలుగు పేపరు పరిచి ఉన్నది. కొంగు ముడి విప్పి, కాయితం విప్పి, నా పన్ను దాని మీద పెట్టిన. రెండు వేర్లు, ఒక దిక్కు నల్లగ. వెనక బల్లలోళ్లు గూడ లేచొచ్చి చూసిండ్రు.

"తగ్గింది సార్," అన్న. దూదితోని మాట సక్కగ రాలే, అయినా అందరికి వినవడేటట్టే అన్న. "మీకు నలభై ఉండె, ముప్పయి అయింది. నాకు ముప్పయిరెండుండె, ముప్పయొకటి అయింది."

ఆ దినం ఎవలు నవ్వలే. నేనే నవ్విన, దూది నోట్లె పెట్టుకొని.