గంజి పెట్టిన గుడ్డ

కడప వైపు కొన్నాళ్లు ఒక పేరు బాగా నలిగింది. ఆముదం దస్తగిరి. ఎవరైనా బండి చెడగొడితే చాలు, "వీడొక ఆముదం దస్తగిరి" అనేవాళ్లు. ఆ పేరు అబద్ధమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ముప్పై ఏళ్లకు పైగా ఆ సంగతి లోపల పెట్టుకుని తిన్నాను, తిరిగాను, మనవళ్లను ఎత్తుకుని ఆడించాను. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. అడిగారు. దస్తగిరే అడిగాడు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది, తెలిసినవాళ్లకైతే ఈ మాట చెప్పలేను.

నేను మగ్గం నేసేవాణ్ణి. మా ఊరు కడప నుంచి రాయచోటికి పోయే దారిలో ఉంది. యుద్ధం రోజులవి. పెట్రోలు దొరక్క ఆ దారిలో నడిచే ఒకే ఒక బస్సుకు వెనకాల పెద్ద ఇనుప పీపా తగిలించారు. అందులో బొగ్గులు మండించి, ఆ పొగతో ఇంజను నడిపేవాళ్లు. బస్సు అప్పటికే ముసలిది. దాన్ని నడిపేవాడు దస్తగిరి. నాకంటే పదేళ్లు పెద్ద, నేను అన్నా అనేవాణ్ణి.

బొగ్గు పొగ నేరుగా ఇంజనులోకి పోకూడదు. పోతే బూడిద, నలుసులు లోపల చేరి ఇనుమును ఆకురాయి పట్టినట్టు అరగదీస్తాయి. అందుకని పొగను గుడ్డ సంచుల్లో వడకట్టి పంపాలి. ఆ గుడ్డ దిట్టంగా ఉండాలి. ఊళ్లో ఇంతమంది నేతగాళ్లు ఉండగా దస్తగిరి నా దగ్గరికి వచ్చాడు. నా నేత మీద అంత గురి. మొదటిసారి నేసిచ్చిన గుడ్డను రెండు చేతులా ఎత్తి ఎండకు పట్టి చూశాడు. బీడీ పొగ నోటినిండా పట్టి గుడ్డకు పెదవులు ఆనించి ఊదాడు. అవతలికి పొగ రాలేదు. నవ్వి, నా భుజం మీద ఒక్కటి చరిచాడు. ఆ గుడ్డ నిజంగా మంచిది. ఏడాది పాటు బండిని కాపాడింది.

నూనె విషయంలో ఆయన ఇంకా పట్టింపు మనిషి. డబ్బాల్లో వచ్చే ఇంజను ఆయిలు మిలిటరీకే సరిపోయేది కాదు, మాకెక్కడిది? దొరికిన దాన్ని దొరికినట్టు పోసి నడిపేవాళ్లు మిగతా డ్రైవర్లు. వేరుశనగ నూనె పోసినవాళ్లు కూడా ఉన్నారు. దస్తగిరి అలా కాదు. పాత ఇంజనులో భాగాలు అరిగి వదులై ఉంటాయి, దానికి చిక్కటి నూనె కావాలనేవాడు. ఇళ్లలో ఉడకబెట్టి తీసే ఆముదంలో నీళ్లు ఉంటాయని దాన్ని ముట్టేవాడు కాదు. గానుగలో ఆడించిందే తెచ్చి, సన్నని సెగ మీద కాచి, ఒక చుక్క వేడి పెనం మీద వేసి చెవి ఒగ్గి వినేవాడు. చిటపటలాడితే ఇంకా నీళ్లు ఉన్నట్టు. చప్పుడు లేకుండా పాకితేనే ఒప్పుకునేవాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, వేళ్లు విడదీసి తీగ ఎంత దూరం సాగుతుందో చూసేవాడు. డబ్బా ఆయిలుకూ ఆముదానికీ పొత్తు కుదరదని పాతది చుక్క మిగలకుండా దించేసి మరీ పోసేవాడు. ఇదంతా నా కళ్లతో చూశాను. కాబట్టి నాకు తెలియదు అనే వీలు కూడా నాకు లేదు.

రెండో ఏడు సంచులు పాతబడ్డాయి. కొత్తవి కావాలి. నూలుకు కంట్రోలు వచ్చింది. మగ్గాలు మూలన పడ్డాయి. బస్సు యజమాని ఎవరినో పట్టుకుని, సంచుల కోసమని నూలు తెప్పించి నాకు పంపాడు. ఎన్ని నెలల తర్వాత నా ఇంట్లోకి నూలు వచ్చిందో! నా భార్యకు అప్పుడు ఒంటి మీద ఉన్నదొక్కటే చీర. తడిపి, సగం కట్టుకుని సగం ఆరేసుకునేది. బావి దగ్గరికి పోవడం మానేసింది. నేతగాడి పెళ్లానికి చీర లేదని ఎవరైనా అంటారేమోనని నాకు సిగ్గు.

పేదరికం చేయించిందని రాయవచ్చు. చదివేవాళ్లు జాలిపడతారు. కానీ నన్ను నేను గుచ్చి అడుగుతున్నాను: దస్తగిరితో ఒక్క మాట చెబితే ఆయన కాదనేవాడా? "ఒగ చీరకు తీసుకోప్పా, సంచి ఒగటి తక్కువ కుట్టుకుందాం" అనేవాడు. నూటికి నూరుపాళ్లు అనేవాడు. అడగడానికి నాకు నామోషీ. అడుక్కోవడం కంటే దొంగతనమే మర్యాదగా తోచింది. అదీ నా పేదరికం.

గుడ్డను పలచగా నేశాను. పడుగులో పోగులు తగ్గించాను, పేక వదులుగా కొట్టాను. మిగిలిన నూలుతో చీర నేసి రంగు వేయించాను. ఇక పలచని గుడ్డ సంగతి. చిక్కటి గంజి పట్టించి, రాతితో రుద్ది ఆరబెట్టాను. సందులన్నీ పూడిపోయాయి. సంతలో కొనేవాళ్లను మోసం చేయడానికి కొందరు నేతగాళ్లు చేసే పనే ఇది. అలాంటివాళ్లను నేను బాహాటంగా తిట్టేవాణ్ణి.

దస్తగిరి వచ్చాడు. ఎండకు పట్టాడు. బీడీ పొగ ఊదాడు. పొగ రాలేదు. ఊదుతాడని నాకు తెలుసు, రాదనీ తెలుసు.

నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు. కొత్త గుడ్డతో మొదట బండి ముక్కిందని, ఒకసారి ఉతికాక గాలి బాగా ఆడి, పెట్రోలు బండి లాగా లాగుతోందని చెప్పి పొంగిపోయాడు. గంజి పోయింది మరి. ఇక పొగతో పాటు బూడిద కూడా హాయిగా పోతోంది. మసి పట్టిన సంచిలో ఎవరికి ఏం కనపడుతుంది? వెళ్తూ వెళ్తూ వాకిట్లో నా భార్యను చూసి, "మా చెల్లెలికి మంచి చీర నేస్తివే, శానా బాగుండాది" అన్నాడు. ఆమె సంతోషంతో లోపలికి పరుగెత్తింది. అప్పుడైనా చెప్పవచ్చు. ఇంజను ఇంకా బాగానే ఉంది. సంచులు మార్చుకుంటే సరిపోయేది. నేను మజ్జిగ ఇచ్చి పంపాను.

మూడు నెలలు తిరక్కముందే గువ్వలచెరువు కనుమ ఎక్కుతూ బస్సు నిలిచిపోయింది. జనం దిగి నడిచారు. ఎద్దులు కట్టి బండిని కడపలో మరమ్మతు షెడ్డుకు లాక్కుపోయారు. ఇంజను విప్పితే లోపల నూనె నల్లటి ముద్దయి ఉందట. మేస్త్రీ దాన్ని వేలితో తీసి, "ఆముదం పోస్తే ఇంతే" అన్నాడు. దస్తగిరి ఒప్పుకోలేదు. బూడిద పోయుంటుంది, గుడ్డ సంగతి కూడా చూడాలన్నాడు. సంచులు మసి పట్టి ఏమీ తెలియక యజమాని నాకు కబురు పెట్టాడు.

నా దగ్గర ఉతకని ముక్క ఒకటి మిగిలి ఉంది. దాన్ని మడిచి చంకలో పెట్టుకుని పోయాను. ఇది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం పుడుతుంది. దారిపొడవునా ఆ గంజి వాసన నాకు తెలుస్తూనే ఉంది. షెడ్డులో అందరి ముందూ ముక్కను ఎండకు పట్టాను. చుక్క వెలుగు రాలేదు. "ఇదే గుడ్డ, ఇదే నేత" అన్నాను. మాట తడబడలేదు కూడా. దస్తగిరి దాన్ని చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి చూశాడు. ఒక్క చెంబు నీళ్లు పోసి ఉంటే అంతా బయటపడేది. ఆయనకు ఆ ఆలోచన రాలేదు, నా మీద అనుమానం లేదు కాబట్టి. తల వంచుకుని, "గుడ్డలో తప్పు లేదు" అని ఆయనే చెప్పాడు.

ఉద్యోగం పోయింది. పేరు మిగిలింది. మంచి ఆయిలు అమ్ముకుని ఆముదం పోశాడని కూడా పుట్టించారు. ఏ యజమానీ మళ్లీ ఆయనకు బండి ఇవ్వలేదు. గనిలో కడప బండలు ఎత్తే పనికి పోయాడు. ఒకసారి అంగడి దగ్గర నలుగురూ ఆ పేరు చెప్పి నవ్వుతుంటే నేనూ నవ్వాను. నేనూ ఆ పేరుతోనే పిలిచాను. నవ్వకపోతే ఎవరికైనా అనుమానం వస్తుందని కాదు, ఎవరికీ అంత తీరిక లేదు. పదిమంది కలిసి అంటే అది నిజమవుతుందేమోనని నా ఆశ.

యుద్ధం అయిపోయింది. పెట్రోలు, డబ్బా ఆయిలు మళ్లీ కనపడసాగాయి. ఒక మధ్యాహ్నం దస్తగిరి వచ్చి నా మగ్గం పక్కన నేల మీద కూచున్నాడు. చేతులు రాతి దుమ్ముతో తెల్లగా ఉన్నాయి.

"ఒగ మాట అడుగుతా, నిజం చెప్పప్పా. కడపలో ఒగాయన పాత లారీ కొన్యాడు. నన్ను డ్రైవరుగా రమ్మంటాండాడు. నా పేరు ఇని కూడా రమ్మంటాండాడు."

"మంచిదే కదన్నా."

"నాకే భయమైతాంది. ఆ ఆముదం మంచిదేనని ఇప్పటికీ నా మనసు చెప్తాది. వేళ్లతో పట్టి చూస్తి, కాచి చూస్తి. మల్ల ఇంజను ఎట్ల పాయ? ఆ బండిని నేనే చంపితినా? నువ్వయితే దాపరికం లేకుండా చెప్తావని ఈడికి వచ్చినా."

నా చేతిలో పేక పోగు నడిపే నాడె ఆగిపోయింది. ఆయన లారీ ఎక్కితే ఏమవుతుందో నాకు చకచకా తోచింది. ఇంజన్లు విప్పుతాడు, నలుగురితో మాట్లాడతాడు, ఏదో ఒక రోజు గుడ్డ దగ్గరికి వస్తాడు.

"పాత సంగతులు ఎందుకులేన్నా. ఆముదమే అయ్యుంటాది."

"అయితే పోవద్దంటావా?"

"వయసు కూడా వచ్చె. మల్లా ఏమన్నా అయితే మాట పడల్ల. ఎందుకా తిప్పలు?"

దస్తగిరి తన వేళ్లకేసి చూసుకున్నాడు. తర్వాత, "సరేలే, నువ్వు చెప్తే అంతే," అని లేచాడు. ఆ లారీ దగ్గరికి పోలేదు. బతికినన్నాళ్లూ బండలే మోశాడు.

నూలు దొంగతనం ఆకలిలో చేశానని ఎవరైనా క్షమిస్తారేమో. షెడ్డులో భయపడ్డానని సరిపెట్టుకుంటారేమో. మగ్గం దగ్గర చేసినదానికి ఏ పేరు పెట్టాలి? నాకు ఆకలి లేదు. ఎవరూ బెదిరించలేదు. తన వేళ్లను మళ్లీ నమ్మవచ్చా అని ఒక మనిషి నన్ను అడిగాడు, అంతే.

ఆయన పోయాక కొడుకు లారీ డ్రైవరయ్యాడు. మొన్నామధ్య కనపడ్డాడు. ఆయిలు సంగతి ఏదో వస్తే, "మా నాయన మాదిరి కాకూడదని ఏ ఆయిలు పోయల్లన్నా మేస్త్రీనే అడుగుతా, నా అంతట నేను ముట్టను మామా" అని సిగ్గుపడుతూ చెప్పాడు. కన్నతండ్రి గురించి సిగ్గుపడ్డాడు. నేను తల ఊపాను. ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

దస్తగిరి పోసిన నూనె మంచిదే. ఇంజను పోయింది నా గుడ్డ వల్ల. ఇంత చిన్న మాటలు. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది. ఆ మధ్యాహ్నం ఈ రెండు మాటలూ అని ఉంటే ఆయన సాయంత్రానికి లారీ ఎక్కేవాడు.